ఏఎంటీ బండిలో క్లచ్ పెడల్ లేదు, క్లచ్ మాత్రం ఉంది

మీరు చెప్పినదాన్ని ఒకసారి కూడగట్టుకుంటాను. ఏఎంటీ (మాన్యువల్ గేరుబాక్సులో గేర్లను యంత్రమే మార్చే ఏర్పాటు) ఉన్న చిన్న కారు కొని ఆరు నెలలైంది. గేరు మారినప్పుడల్లా తల ముందుకు ఊగుతోంది. ఎత్తులో ఆగి కదిలేటప్పుడు బండి వెనక్కి జారుతోంది. పోయిన వారం సెల్లార్ ర్యాంపు మీద రివర్స్‌లో ఎక్కిస్తుంటే మాడిన వాసన వచ్చింది. సర్వీస్ సెంటర్‌లో "ఇవన్నీ మామూలే" అన్నారు. స్నేహితులేమో "క్లచ్ పోతుంది, ఇప్పుడే అమ్మేయ్" అంటున్నారు. ఎవరి మాట వినాలి, రేపు మీ నాన్నగారు కూడా ఇదే బండి నడపొచ్చా అని అడిగారు.

అమ్మొద్దు. కానీ ఆ వాసనను మామూలే అనుకుని వదిలేయనూ వద్దు. నేను 11 ఏళ్లుగా ఏఎంటీ బండ్లే నడుపుతున్నాను, ఇప్పుడున్నది రెండోది. మొదటి బండికి 38 వేల కిలోమీటర్లకే క్లచ్ మార్చాల్సి వచ్చింది. రెండోది 90 వేలు దాటింది, ఇంకా మొదట వచ్చిన క్లచ్ ప్లేటుతోనే తిరుగుతోంది. రెండింటిదీ దాదాపు ఒకే రకం గేరుబాక్సు, తిరిగిందీ అవే రోడ్ల మీద. ఈ మధ్యలో నేను నేర్చుకున్నదే మీకు రాస్తున్నాను.

ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం, మీ ఇబ్బందులన్నీ అక్కడే పుట్టాయి. ఏఎంటీ గేరుబాక్సు అచ్చంగా మాన్యువల్ గేరుబాక్సే. అవే పళ్ల చక్రాలు, గేరు సాఫీగా పడేలా చేసే అవే సింక్రోనైజర్లు, అదే పొడి క్లచ్: ఇంజన్‌తో తిరిగే ఫ్లైవీల్, దానికి అదుముకునే క్లచ్ ప్లేటు, వెనక నుంచి దాన్ని అదిమే ప్రెషర్ ప్లేటు, ఆ పట్టు విడిపించే రిలీజ్ బేరింగు. అదనంగా చేరినవి ఒక యాక్చుయేటర్, ఒక కంప్యూటర్, కొన్ని సెన్సర్లు. మాన్యువల్ బండిలో మీ ఎడమ కాలు చేసే పనీ, గేరు రాడ్ పట్టుకున్న చెయ్యి చేసే పనీ ఇక్కడ యాక్చుయేటర్ చేస్తుంది. కొన్ని బండ్లలో అది నూనె ఒత్తిడితో నడుస్తుంది. ఒక చిన్న కరెంటు పంపు, ఆ ఒత్తిడిని నిలవ ఉంచే అక్యుములేటర్, కొన్ని వాల్వులు ఉంటాయి. డ్రైవర్ తలుపు తెరవగానే కొన్ని సెకన్లపాటు బానెట్ కింద నుంచి సన్నగా గుయ్యిమనే శబ్దం వస్తే అది ఆ పంపే, బండి స్టార్ట్ కాకముందే ఒత్తిడి సిద్ధం చేసుకుంటోంది. మరికొన్ని బండ్లలో నూనె ఉండదు, చిన్న మోటార్లే క్లచ్‌నీ గేర్లనీ కదుపుతాయి. రెండింట్లోనూ క్లచ్ మాత్రం ఎక్కడికీ పోలేదు. పోయింది పెడలే.

ఇది ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో కదిలేటప్పుడు ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య నూనె ఉంటుంది. బ్రేకు సగం నొక్కి అరగంట పాకించినా ఆ నూనె వేడెక్కుతుంది, మళ్లీ చల్లబడుతుంది, అంతే. ఏఎంటీలో అదే పని చేస్తే రెండు పొడి పలకలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అరిగిన పొర తిరిగి రాదు. "ఆటోమేటిక్ కదా, యాక్సిలరేటర్, బ్రేకు చాలు" అని అమ్మేచోట చెప్పే మాట విని చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. నా మొదటి బండి విషయంలో నేను అనుకున్నదీ అదే.

ఈ ఆలోచన పాతదే. ఇసుజు 1984లోనే ఆస్కా కారులో కంప్యూటర్‌తో నడిచే అయిదు గేర్ల పెట్టె పెట్టింది. 1989లో ఫెరారీ 640 రేసు కారు స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చే ఏర్పాటుతో వచ్చి, నైజెల్ మాన్సెల్ నడపగా బ్రెజిల్‌లో తన మొదటి పోటీనే గెలిచింది. 1997లో అదే కంపెనీ రోడ్డు కారు ఎఫ్355కి ఆ ఏర్పాటు వచ్చింది. చిన్న కార్ల విషయానికొస్తే 1998లో వచ్చిన రెండు సీట్ల స్మార్ట్, 2005లో వచ్చిన టయోటా ఐగో, సిట్రోయెన్ సీ1, పెజో 107, ఆ తరవాత ఫోక్స్‌వాగన్ అప్, భారత మార్కెట్‌లో 2014లో మొదటిదిగా వచ్చిన మారుతి సెలెరియో, ఇవన్నీ ఆ కుటుంబమే. రేసు కారులో గేరు రెప్పపాటులో మారుతుంది, అక్కడ గేరుబాక్సు ఎక్కువకాలం మన్నాలన్న పట్టింపు లేదు. చిన్న కారులో లక్ష కిలోమీటర్లు నడవాలి, ఖర్చు తక్కువలో తయారవ్వాలి. అందుకే ఇక్కడ యంత్రం తీరిగ్గా, జాగ్రత్తగా మారుస్తుంది. స్మార్ట్ మీద మొదటి నుంచీ వచ్చిన పెద్ద ఫిర్యాదు ఈ ఆలస్యమే. కొత్త బండ్లలో చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఒకే క్లచ్ ఉన్నంతకాలం పోదు కూడా.

ఎందుకు పోదంటే, గేరు మార్చాలంటే ముందు ఇంజన్ శక్తి తగ్గించాలి, క్లచ్ విడిపించాలి, పాత గేరు తియ్యాలి, కొత్త గేరు వెయ్యాలి, మళ్లీ క్లచ్ కలపాలి. ఇంతసేపూ చక్రాలకు శక్తి అందదు. రెండు క్లచ్‌లున్న గేరుబాక్సుల్లో తరవాతి గేరు ముందే పడి ఉంటుంది కాబట్టి ఈ ఖాళీ దాదాపు ఉండదు. మన దాంట్లో ఉంటుంది. అప్పటిదాకా బండి మిమ్మల్ని సీటుకు అదిమి ముందుకు లాగుతోంది, ఉన్నట్టుండి లాగడం మానేసింది, మీ తల ముందుకు వంగింది. కుదుపు అని మనం అంటున్నది నిజానికి ఆ లాగుడు ఆగిపోవడం.

ఇది ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడే ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే ఆ రెండు గేర్ల మధ్యే దూరం ఎక్కువ. చిన్న కార్లలో ఒకటో గేరు నిష్పత్తి మూడున్నర దగ్గర, రెండోది రెండుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒకటిలో 2,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మారితే రెండులో ఇంజన్ 1,400 దగ్గరికి దిగాలి. నాలుగు నుంచి అయిదుకు మారేటప్పుడు అంత దిగక్కర్లేదు, అందుకే అది మీకు తెలియను కూడా తెలియదు.

దీనికి మందు మీ కుడి పాదంలోనే ఉంది. మాన్యువల్ నడిపే మనిషి గేరు మార్చే ముందు తనకు తెలియకుండానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాడు. ఏఎంటీలో అది చెయ్యక్కర్లేదనుకుని కాలు అలాగే ఉంచుతాం. అలా ఉంచకండి. ఇంజన్ శబ్దం పెరిగి ఇక గేరు మారుతుంది అనిపించినప్పుడు పాదాన్ని పూర్తిగా తియ్యకుండా కొంచెం సడలించండి. యంత్రానికి అదే సంకేతం, పై గేరుకు మారుతుంది. మారినట్టు తెలియగానే మెల్లగా మళ్లీ అదమండి. నింపాదిగా వెళ్తే ఒకటి నుంచి రెండుకు గంటకు 15 కిలోమీటర్ల దగ్గర, రెండు నుంచి మూడుకు 25-30 మధ్య, మూడు నుంచి నాలుగుకు 40 దాటాక అడుగుతుంది. బండిని బట్టి అంకెలు కాస్త మారతాయి. మీ బండి ఎక్కడ అడుగుతుందో వారం రోజులు గమనిస్తే మీ చెవికి పట్టుబడుతుంది. ఆ తరవాత పక్కన కూర్చున్నవాళ్లకి గేరు మారిన సంగతే తెలియకుండా నడపగలరు. మా అక్క మోకాలి ఆపరేషన్ అయ్యాక నా బండితోనే మళ్లీ డ్రైవింగ్ మొదలుపెట్టింది. మొదటి రోజు తల ఊగి విసుగు పడింది. ఈ ఒక్క సంగతి చెప్పాక నాలుగో రోజుకు నాకంటే మెత్తగా నడిపింది, అది చూసి నాకెంత సంతోషమైందో చెప్పలేను.

కాలు పూర్తిగా కిందికి తొక్కితే మాత్రం ఏ కిటుకూ పనిచెయ్యదు. యంత్రం మీకు తొందర ఉందనుకుని ఇంజన్‌ని చివరిదాకా లాగి మారుస్తుంది, ఊపు అంత గట్టిగానూ వస్తుంది.

ఇక అసలు విషయం, ట్రాఫిక్. ఏఎంటీ క్లచ్ ఎన్నాళ్లు బతుకుతుందనేది హైవే మీద తేలదు, బంపర్‌కి బంపర్ ఆనుకున్న చోటే తేలుతుంది. ఇప్పటి ఏఎంటీల్లో చాలావాటికి బ్రేకు వదలగానే బండి తనంతట తానే మెల్లగా పాకే ఏర్పాటు ఉంది. అలా పాకేటప్పుడు మొదట్లో యంత్రం హాఫ్ క్లచ్ వేస్తుంది, అంటే క్లచ్‌ని సగమే కలుపుతుంది. బండి గంటకు ఆరేడు కిలోమీటర్లు అందుకున్నాక క్లచ్ పూర్తిగా కలిసిపోతుంది, ఇక రాపిడి లేదు. అంటే పూర్తిగా ఆగి ఉంటే అరుగుదల లేదు, ఆ వేగం అందుకుని సాగుతుంటే అరుగుదల లేదు. రెండింటికీ నడుమ, బ్రేకు మీద కాలు సగం ఆనించి గంటకు రెండు మూడు కిలోమీటర్ల చొప్పున జరుపుతూ ఉంటేనే ప్లేటు రాసుకుంటూ ఉంటుంది. ముందు బండి అడుగు జరిగితే మనమూ అడుగు జరిగే అలవాటు ఉంది చూశారా, దాన్ని మానుకోవాలి.

ముందు బండి ఒకటిన్నర, రెండు కార్ల పొడవు జరిగేదాకా ఆగండి. అప్పుడు బ్రేకు పూర్తిగా వదిలి, కదిలి, ఆ దూరం ఒక్కసారే వెళ్లి, మళ్లీ పూర్తిగా ఆగండి. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరతారు, వెనకనుంచి హారన్ కొడతారు. దూరనివ్వండి. ఒక ట్రాఫిక్ జామ్‌లో ఇలా వెళ్తే యాభై సార్లు కదలాల్సిన చోట పది సార్లు కదులుతారు. నా రెండో బండి ప్లేటు ఇంకా బతికి ఉండటానికి మొదటి కారణం ఇదేనని నా నమ్మకం.

సిగ్నల్ దగ్గర లివర్ డి (ముందుకు నడిచే స్థానం) లో ఉంచాలా, ఎన్ (న్యూట్రల్) లోకి మార్చాలా అని చాలామందికి సందేహం. బ్రేకు నొక్కి డి లో ఆగితే క్లచ్ పూర్తిగా విడిపోయే ఉంటుంది, ప్లేటు అరగదు. కానీ మాన్యువల్ బండిలో క్లచ్ నొక్కి పట్టుకుని కూర్చున్నట్టే, ప్రెషర్ ప్లేటు మీదా రిలీజ్ బేరింగు మీదా భారం ఉంటూనే ఉంటుంది. పది సెకన్లకైతే పట్టించుకోను. అర నిమిషం దాటుతుందనిపిస్తే ఎన్ లోకి మార్చి హ్యాండ్‌బ్రేక్ వేస్తాను. కాలికీ విశ్రాంతి.

ఎత్తు సంగతికి వస్తున్నాను. మీ ప్రశ్నలో నాకు ఆందోళన కలిగించింది ఇదే. ఎత్తులో నిలబడినప్పుడు బ్రేకు బదులు యాక్సిలరేటర్‌ని కొంచెం కొంచెం తొక్కుతూ బండిని జారకుండా నిలబెట్టడం మీకు అలవాటైతే ఇవాళే మానెయ్యండి. లెక్క చెబుతాను. వెయ్యి కిలోల బండి అనుకుందాం. సమతలం మీద ఒకసారి కదలడానికి క్లచ్‌లో పుట్టే వేడి, క్లచ్ పూర్తిగా కలిసేసరికి బండి సంపాదించుకున్న గతిశక్తికి ఇంచుమించు సమానం. ఒకటో గేరులో 1,200 ఆర్‌పీఎం దగ్గర, అంటే గంటకు 9 కిలోమీటర్ల దగ్గర కలిసిందనుకుంటే అది సుమారు 3 కిలోజౌల్స్. ఇప్పుడు ఆరడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపు మీద అదే బండిని అదే 1,200 ఆర్‌పీఎంతో కదలకుండా నిలబెట్టండి. బండిని పట్టి ఉంచడానికి ఇంజన్ పెట్టే శక్తంతా వేడిగానే మారుతుంది, సెకనుకు సుమారు 4 కిలోజౌల్స్. పది సెకన్లు అలా నిలబెడితే 40. ఆ పది సెకన్లలో మీ క్లచ్ సమతలం మీద పదమూడు సార్లు కదిలినంత వేడి తిన్నది, బండి అంగుళం కూడా జరగలేదు. పైగా ఆ వేడి మూసి ఉన్న డొప్పలో ఉంటుంది, బయటికి పోవడానికి చాలాసేపు పడుతుంది. మీకొచ్చిన వాసన ప్లేటు మీది రాపిడి పొర వేడికి మాడిన వాసన. బీప్ శబ్దంతోనో డ్యాష్‌బోర్డు మీద దీపంతోనో బండి హెచ్చరిస్తే దాన్ని గౌరవించండి. పక్కకు తీసి, ఎన్ లో పెట్టి, ఇంజన్ ఆపకుండా పావుగంట ఆగండి.

ఎత్తులో ఆగి కదలడానికి సరైన పద్ధతి మాన్యువల్ బండి నేర్చుకునేటప్పుడు నేర్పేదే. ఆగగానే హ్యాండ్‌బ్రేక్ లాగండి. కదిలేటప్పుడు యాక్సిలరేటర్ మెల్లగా అదమండి, బండి ముందుభాగం కొంచెం లేచినట్టు, కదలడానికి తయారైనట్టు అనిపిస్తుంది. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ వదలండి. రెండు సెకన్లలోపు అయిపోవాలి, ఇంతకంటే సాగదీస్తే మళ్లీ అదే రాపిడి. మీ బండికి హిల్ హోల్డ్ ఉంటే బ్రేకు వదిలాక రెండు సెకన్ల దాకా బండిని అదే పట్టుకుంటుంది, ఆలోపు యాక్సిలరేటర్ మీదికి కాలు వెళ్లిపోవాలి. కొద్దిపాటి ఎత్తును అది గుర్తించకపోవచ్చు, అప్పుడే బండి జారి మనకు గుండె ఆగినంత పనవుతుంది. అందుకే హిల్ హోల్డ్ ఉన్నా నేను హ్యాండ్‌బ్రేకే వాడతాను. ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. బ్రేకు నొక్కి ఉన్నంతసేపూ యంత్రం క్లచ్‌ని విడిపించాలనే చూస్తుంది, మీరు రెండు ఆజ్ఞలు ఒకేసారి ఇస్తే దానికి ఏది వినాలో తెలియదు.

రివర్స్‌లో ర్యాంపు ఎక్కడం ఈ బండికి అన్నింటికంటే కష్టమైన పని. వెనక్కి చూస్తూ వెళ్తాం కాబట్టి భయంతో మెల్లగా వెళ్తాం, మెల్లగా వెళ్లాలంటే క్లచ్ పూర్తిగా కలవదు, ర్యాంపు పొడవునా రాసుకుంటూనే ఉంటుంది. నా మొదటి బండి ప్లేటు 38 వేలకే పోవడానికి కారణం సరిగ్గా ఇదే. రోజూ పొద్దున్నే సెల్లార్ లోంచి రివర్స్‌లో ఎక్కించేవాణ్ని. రెండో బండి వచ్చాక రాత్రి ఇంటికి రాగానే కిందే, సమతలం మీదే, బండి తిప్పి ముందుభాగం ర్యాంపు వైపు ఉండేలా పెట్టడం మొదలుపెట్టాను. రెండు నిమిషాల పని. మీకు కింద తిప్పడానికి చోటు లేకపోతే రాత్రి రివర్స్‌లో దిగండి. దిగేటప్పుడు బండి బరువే లాగుతుంది కాబట్టి క్లచ్ మీద భారం తక్కువ. పొద్దున ముందుకు ఎక్కొచ్చు. ఎక్కేముందు ర్యాంపు ఖాళీగా ఉందో లేదో చూసుకుని, ఆగకుండా ఒకే ఊపులో ఎక్కండి. లివర్‌ని ఎం (గేరు మనమే ఎంచుకునే స్థానం) లోకి తోసి ఒకటో గేరులోనే ఎక్కిస్తే మధ్యలో రెండుకు మారి ఊపు పోయే ప్రమాదం ఉండదు.

డి నుంచి ఆర్ (రివర్స్) కి, ఆర్ నుంచి డి కి మార్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. లివర్ కదిపిన క్షణానికే గేరు పడదు. బ్రేకు నొక్కి పూర్తిగా ఆగి, లివర్ మార్చి, డ్యాష్‌బోర్డు మీద కొత్త గేరు కనిపించాకే కాలు కదపండి. మలుపులో హడావిడిగా తిప్పుతూ, గేరు పడిందనుకుని యాక్సిలరేటర్ తొక్కితే బండి కదలదు, ఇంకా తొక్కుతాం, అప్పుడు ఒక్కసారిగా దూకుతుంది. గోడ దగ్గరో మనిషి దగ్గరో ఇలా జరగకూడదు. మీ నాన్నగారికి మొదట నేర్పాల్సింది ఇది: కన్ను డ్యాష్‌బోర్డు మీద, కాలు బ్రేకు మీద.

ఇంకొకటి, ఈ బండ్లలో చాలావాటికి పార్కింగ్ కోసం 'పి' ఉండదు. మాన్యువల్‌లో లాగానే గేరులో వదిలి దిగాలి. పూర్తిగా ఆగండి, బ్రేకు మీదే కాలు ఉంచి హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగండి, లివర్ డి లో గానీ ఆర్ లో గానీ పెట్టండి, డ్యాష్‌బోర్డు మీద గేరు చూసుకుని ఇంజన్ ఆపండి, చివరగా బ్రేకు వదలండి. ముక్కు ఎత్తు వైపు ఉంటే ఒకటో గేరు, పల్లం వైపు ఉంటే రివర్స్. ఎన్ లో ఆపేసి వెళ్తే బండిని పట్టుకునేది ఒక్క హ్యాండ్‌బ్రేక్ తీగే. ఆ తీగ కాలం గడిచేకొద్దీ సాగుతుంది.

ఓవర్‌టేక్ విషయంలో ఎక్కువ చెప్పను. కాలు పూర్తిగా తొక్కాక కింది గేరు పడి బండి లాగడానికి సెకనుకు అటూ ఇటూగా పడుతుంది, ఆ సెకను ఎదుటి వరుసలో ఉండగా రాకూడదు. మన వరుసలో ఉండగానే ఎం లోకి తోసి ఒక గేరు తగ్గించి, ఇంజన్ లాగుతోందని తెలిశాకే బయటికి రండి. పొడవైన పల్లంలో దిగేటప్పుడూ అంతే: ఎం లో రెండో గేరో మూడో గేరో వేసుకుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాగవు. పల్లంలో ఎన్ లో పెట్టి దొర్లించడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇక రిపేర్లు. ఏఎంటీ బండి ఉన్నట్టుండి గేరు పడనని మొరాయిస్తే, గేరు హెచ్చరిక దీపం వెలిగితే, వెంటనే "యాక్చుయేటర్ పోయింది, మొత్తం మార్చాలి" అనే మాట వినిపిస్తుంది. అది చాలా పెద్ద ఖర్చు, కాబట్టి ఆ మాటకు తల ఊపే ముందు చిన్న అనుమానాలన్నీ తీర్చుకోండి. మొదటిది బ్యాటరీ. పంపుకూ మోటార్లకూ కంప్యూటర్‌కూ ఆధారం అదే. నిండుగా ఛార్జ్ ఉన్న బ్యాటరీ ఇంజన్ ఆపి కొన్ని గంటలు గడిచాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 దగ్గరుంటే సగమే ఉన్నట్టు. ఇంజన్ స్టార్ట్ అవుతుంది కదా అని బ్యాటరీ బాగున్నట్టు కాదు, నాకు ఒకసారి గేరు దీపం వెలిగి, మెకానిక్ రెండు గంటలు వెతికాక తేలింది పాత బ్యాటరీ అనే. రెండోది బ్రేకు పెడల్ దగ్గరుండే స్విచ్. మీరు బ్రేకు నొక్కారని యంత్రానికి చెప్పేది అదే, అది పాడైతే గేరు పడదు, కొన్ని బండ్లు స్టార్టే కావు. వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా చూస్తే సగం తెలిసిపోతుంది. మూడోది, నూనెతో నడిచే రకమైతే యాక్చుయేటర్ నూనె మట్టం. అది గేరు ఆయిల్ కాదు, దానికి వేరే డబ్బా ఉంటుంది, బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన రకం నూనే పొయ్యాలి. పంపు మాటిమాటికీ మోగుతుంటే అక్యుములేటర్‌లోని గ్యాస్ ఒత్తిడి తగ్గినట్టు అనుమానించాలి. దాన్ని పట్టించుకోకపోతే పని ఎక్కువై పంపు కూడా పోతుంది.

ఇవేవీ లేకుండా బండి కదిలేటప్పుడు మాత్రం వణుకుతూ, ఆలస్యంగా అందుకుంటూ ఉంటే కాలిబ్రేషన్ అడగండి. ప్లేటు అరిగేకొద్దీ అది పట్టుకునే చోటు మారుతూ ఉంటుంది, మాన్యువల్‌లో మన కాలు దానికి అలవాటు పడినట్టు ఇక్కడ కంప్యూటర్ అలవాటు పడాలి. స్కానర్ పెట్టి ఆ పట్టుకునే చోటును మళ్లీ నేర్పిస్తారు. ఎక్కువ సమయం పట్టదు, చాలాసార్లు బండి కొత్తగా అనిపిస్తుంది. క్లచ్ మార్చినప్పుడు ఇది తప్పనిసరి. ప్లేటు మార్చి కాలిబ్రేషన్ చెయ్యకుండా ఇచ్చేస్తే కొత్త ప్లేటే పాడవుతుంది. అందుకే స్కానర్ లేని చోట క్లచ్ పని చేయించొద్దని గట్టిగా చెబుతాను. మాన్యువల్‌లో నాలుగు చేతులు వేసి తోసి స్టార్ట్ చేసే పని ఇక్కడ కుదరదు, బ్యాటరీ దిగిపోతే జంపర్ కేబులే దిక్కు.

ఏఎంటీ అందరికీ సరిపోదని కూడా చెప్పాలి. రోజూ కొండ దారిలో తిరిగేవాళ్లకి, ఎప్పుడూ నిండా మనుషులతో ఎత్తులు ఎక్కేవాళ్లకి, గేరు మారిన ఊసే తెలియకూడదు అనుకునేవాళ్లకి సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా నిష్పత్తి సాఫీగా మారే ఆటోమేటిక్) గానీ టార్క్ కన్వర్టర్ గానీ మేలు. ఎక్కువ సమతలంగా ఉండే నగరంలో, ఇంటికీ ఆఫీసుకీ మధ్య తిరిగే చిన్న బండికి మాత్రం ఏఎంటీ నాకు ఇప్పటికీ ఇష్టమైన ఎంపిక. మైలేజీ మాన్యువల్‌తో సమానంగా వస్తుంది, బరువు పెద్దగా పెరగదు, లోపల ఉన్నది మెకానిక్‌లకు తెలిసిన గేరుబాక్సే. ఎడమ మోకాలు నొప్పితో డ్రైవింగ్ మానేద్దామనుకున్నవాళ్లు దీనివల్ల మళ్లీ స్టీరింగ్ పట్టుకోవడం నేను చూశాను. మీ నాన్నగారికి మంచిదేనని నా అభిప్రాయం. కాకపోతే మొదటి పది రోజులు మీరు పక్కన కూర్చోండి, ర్యాంపు పని మొదట్లో మీరే చెయ్యండి.

చివరిగా, మీ ప్లేటుకి ఇప్పటికే ఎంత దెబ్బ తగిలిందో చూసుకునే పరీక్ష ఒకటి. ఖాళీ రోడ్డు మీద ఎం లో పెట్టి, నాలుగో గేరులో గంటకు 40 దగ్గర సాగుతూ యాక్సిలరేటర్‌ని ముప్పావు వంతు అదమండి. పూర్తిగా తొక్కితే కొన్ని బండ్లు వాటంతటవే గేరు తగ్గించేస్తాయి, అందుకే ముప్పావు. ఆర్‌పీఎం ముల్లూ వేగం ముల్లూ కలిసి మెల్లగా పెరిగితే ప్లేటు పట్టు బాగుంది. ఆర్‌పీఎం ముందు ఎగిరి, వేగం వెనకబడితే ప్లేటు జారుతోంది, అప్పుడు ఆలస్యం చెయ్యకుండా చూపించండి. ఒక్కసారి వచ్చిన వాసనతో ప్లేటు పోదు, చాలావరకు మీది బాగానే ఉండి ఉంటుంది. ఇవాళ రాత్రి బండిని ముందుభాగం ర్యాంపు వైపు ఉండేలా తిప్పి పెట్టండి, ఈ వారంలో ఆ పరీక్ష చేసి ముల్లు ఎలా కదిలిందో చెప్పండి.